స్పీకర్ తీగకు 24 వేలు పోసే ముందు నాబ్ మీద కన్నేయండి

స్పీకర్లకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య వేసే తీగ, జత 24 వేలు. కొన్నది నేనే. ఇంట్లో 2,400 అని చెప్పాను కాబట్టి కడపలో నన్ను ఎరిగినోళ్లు ఈ పోస్టును మా ఇంటిదాకా మోయకండి. షాపు పేరు రాయను.

షాపులో ముందు మామూలు తీగతో మృదంగం వినిపించాడు. తర్వాత ఖరీదైనది తగిలించి, "ఇప్పుడు వినన్నా, ఎడమ మూత ఎట్లా పలుకుతాందో!" అన్నాడు. నిజంగానే పలికింది. ఆ రోజు ఫోన్లో తీసుకున్న వీడియో ఇంటికొచ్చి చూస్తే తెలిసింది: వాల్యూమ్ నాబ్ మీది తెల్లగీత మొదటిసారి తొమ్మిది గంటల ముల్లులా ఉంది, రెండోసారి రవ్వంత పైకి జరిగింది. శబ్దం ఒక్క డెసిబెల్ పెరిగినా చెవికి "పెరిగింది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. మోసమంతా ఆ రవ్వంతలోనే ఉంది.

ఇంట్లో తేడా ఏమీ లేదని ఫోన్ చేస్తే, "200 గంటలు వాయించాలన్నా, అప్పుడుగానీ తీగ తెరుచుకోదు" అన్నాడు. వాపసు గడువు 7 రోజులు. రాత్రీపగలూ ఆపకుండా వాయించినా 168 గంటలే. ఈ లెక్క నాకు ఎనిమిదో రోజు తట్టింది.

వైరింగ్ పని చేసే దోస్తు ఒకడు ఇళ్లలో లాగే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తెచ్చాడు. 12 మీటర్లు, 540 రూపాయలు. నా కళ్లకు తువ్వాలు కట్టి, వాల్యూమ్ ముట్టకుండా పదిసార్లు మార్చాడు (కొన్నిసార్లు మార్చకుండానే మార్చినట్టు చప్పుడు చేశాడంట, దొంగ). నేను సరిగ్గా చెప్పింది ఐదు. బొమ్మా బొరుసా వేసినా అన్నే వచ్చేవి. ఆ తీగ మూడు మీటర్లు పోయి మూడు మీటర్లు తిరిగొచ్చినా దాని నిరోధం ఓమ్‌లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. నా స్పీకరేమో 8 ఓమ్‌లు. ఇక తేడా ఎక్కడ వినబడుతుంది?

అన్నీ ఉత్తవే అనను. పాత స్పీకర్లు తీసేసి 30 వేల జత పెట్టినప్పుడు వంటింట్లోకే తేడా వినబడింది. ఆ తర్వాత పనిచేసింది మా అవ్వ కుట్టిన బొంత. మాది నాపబండల నేల, బోసి గోడలు; చప్పట్లు కొడితే గది గింగురుమనేది. బొంతను ఎదురుగోడకు వేలాడదీసి కింద జంపఖానా పరిస్తే పాటలో మాటలు తేటపడ్డాయి. ఖర్చు రెండు మేకులు.

ఇంకో తప్పు కూడా చేశాను. "బిల్లయితే 18 శాతం పడతాదన్నా" అంటే ఆశపడి ఎస్టిమేట్ చీటీతో వచ్చేశాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవాలన్నా చేతిలో బిల్లు లేదు. మీరు వినడానికి పోతే నాబ్ మీ చేతిలో పెట్టుకోండి, బిల్లు రాయించుకోండి.

మొన్న మళ్లీ ఆ షాపతనే ఫోన్ చేశాడు, ఆంప్లిఫయర్‌ను గోడ ప్లగ్గుకు కలిపే కరెంటు తీగ, అదే పవర్ కార్డ్, 15 వేలది వచ్చిందని. స్తంభం నుంచి మా ఇంటికి కరెంటు తెచ్చేది మాత్రం అదే పాత అల్యూమినియం తీగ.