ఒక్క ఫైలుతో ఆఫీసంతటికీ పేర్లు: ఐపీ ఫోన్ల రిమోట్ ఫోన్‌బుక్, చాలాకాలం వాడాక

ఆఫీసు నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లన్నీ ఒకే సర్వర్ నుంచి పేర్లు, నంబర్ల జాబితా తెచ్చుకునే ఏర్పాటే రిమోట్ ఫోన్‌బుక్. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక్కటే: ఫోన్ మోగగానే తెరమీద నంబరుకు బదులు పేరు పడడం. బ్రాంచి వాళ్లా, సరుకు పంపేవాళ్లా, కొత్తవాళ్లా అన్నది రిసీవర్ ఎత్తకముందే తెలిసిపోతుంది. సర్వర్‌లో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు (ట్యాగుల మధ్య సమాచారం రాసే టెక్స్ట్ ఫైలు) ఉంచి, దాని లింకును ఫోన్లకు సెట్టింగులు అందించే ఆటో ప్రొవిజనింగ్ ఫైల్లో రాసేస్తే ప్రతి ఫోనూ తనే తెచ్చుకుంటుంది.

అయితే జాబితా తెరుచుకున్నంత మాత్రాన కాల్ వచ్చినప్పుడు పేరు పడదు. వచ్చిన నంబరును జాబితాలో వెతికే ఇన్‌కమింగ్ కాల్ లుకప్‌ను విడిగా ఆన్ చెయ్యాలి. ఆ తర్వాత నంబరు రూపం చూసుకోవాలి. ఒకే మొబైల్ నంబరు ఒక ట్రంకులో (బయటి కాల్స్ వచ్చే లైన్లో) +91తో, ఇంకోదాంట్లో ముందు సున్నాతో, మరోదాంట్లో ఉత్త పది అంకెలుగా వస్తుంది. ఫైల్లో ఉన్నదానితో కలవకపోతే పేరు రాదు. దీన్ని ఫోన్లలో సరిచేయబోతే తెమలదు. ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీగా పనిచేసే ఆస్టెరిస్క్ సాఫ్ట్‌వేర్‌లో, వచ్చే కాల్స్‌ను నడిపించే ఇన్‌బౌండ్ డయల్‌ప్లాన్‌లోనే కాలర్ ఐడీని సున్నా, ఆపైన పది అంకెలుగా మార్చి, ఫైల్లోనూ అదే రూపం ఉంచాలి.

నంబర్లు ఎక్సెల్ నుంచి వస్తున్నాయా? ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే 040లో మొదటి సున్నా ఎగిరిపోతుంది. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరేమో 9.19ఇ+11లా మారి సీఎస్‌వీలోకి (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్లోకి) అలాగే సేవ్ అవుతుంది. ఆ తర్వాత అసలు అంకెలు ఆ ఫైల్లో దొరకవు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది & గుర్తు. సరఫరాదారు పేరులో ‘సన్స్ & కో’ అని ఒక్కచోట ఉన్నది ఉన్నట్టు పడితే చాలు, ఫోన్ ఆ ఒక్క వరసను వదిలేసి ముందుకు పోదు, ఫైలు మొత్తాన్నీ తిప్పికొడుతుంది. తప్పు ఎక్కడుందో తెరమీద చెప్పదు కూడా. మా ఫోన్లు 21600 సెకన్లకు, అంటే ఆరు గంటలకోసారి జాబితా తెచ్చుకుంటాయి. అప్పటిదాకా పాత కాపీ ఉన్నవాటిలో పేర్లు మామూలుగా కనిపిస్తాయి, మధ్యలో రీస్టార్ట్ అయినవాటిలో జాబితా ఖాళీగా ఉంటుంది. పక్కపక్క బల్లల మీదే ఒకదాంట్లో పేర్లుండి ఇంకోదాంట్లో లేకపోతే ఎవరికైనా ముందు స్విచ్ పోర్టు మీద, వాయిస్ వీలాన్ (ఫోన్లకు విడిగా కేటాయించిన నెట్‌వర్క్ భాగం) మీద, ఫైర్‌వాల్ మీద అనుమానం పోతుంది. వాటి జోలికి వెళ్లకముందే లింకును కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరవండి, ఏ లైన్లో ఆగిపోయిందో అక్కడే కనిపిస్తుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే ఫైలును చేత్తోనో, ముక్కలు అతికించే స్క్రిప్టుతోనో తయారుచేయకూడదు. ప్రోగ్రాముల్లో వాడే రెడీమేడ్ ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీతో రాయిస్తే & దానంతటదే సరైన రూపంలోకి మారుతుంది. కొత్త ఫైలును వేరే పేరుతో తయారుచేసి, ఎక్స్‌ఎంఎల్ తప్పులు పట్టే ఎక్స్‌ఎంఎల్‌లింట్‌తో పరీక్షించి, నెగ్గితేనే పాతదాని స్థానంలో పెట్టాలి. నెగ్గకపోతే ఫోన్లకు నిన్నటి జాబితా ఉంటుంది, నష్టం లేదు.

ఇక వెతుకులాట. ఇంటిపేరు పొడి అక్షరం ముందు పెడితే సగం ఆఫీసు ‘కె’ కిందో ‘పి’ కిందో చేరుతుంది. వెతికేవాళ్లు కొట్టేది శ్రీనివాస్ అని. పేరు ముందు, పొడి అక్షరం తర్వాత, చివర విభాగం: ‘శ్రీనివాస్ కె స్టోర్స్’. శ్రీనివాస్‌లు నలుగురున్నా తికమక ఉండదు. మా ఫోన్లలో తెలుగు లిపి గళ్లుగా పడుతుంది కాబట్టి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంచాల్సి వచ్చింది. లక్ష్మి స్పెల్లింగు ఒక్కొక్కరిది ఒక్కో రకం, ఆ చిక్కు నేటికీ తీరలేదు.

పైన ‘తనే తెచ్చుకుంటుంది’ అన్నాను గానీ లింకుకు హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న కనెక్షన్) పెడితే అంత సులువు కాదు. సొంతంగా తయారుచేసిన సర్టిఫికెట్‌ను ఫోన్లలోకి ముందే ఎక్కించాలి, ఫోన్ గడియారాన్ని సరిదిద్దే ఎన్‌టీపీ కూడా సరిగ్గా ఉండాలి. గడియారం పాత తేదీలో ఉన్న ఫోన్ మంచి సర్టిఫికెట్‌నూ నమ్మదు.

మాది ఒకే భవనం, వంద లోపు ఫోన్లు, యాక్టివ్ డైరెక్టరీ (ఉద్యోగుల ఖాతాలుంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) లేదు. అందుకే ఈ పద్ధతి సరిపోయింది. కాంటాక్టులు వేలల్లో ఉంటే నేనైనా ఎల్‌డాప్ (సర్వర్‌లోని డైరెక్టరీలో అప్పటికప్పుడు వెతికే పద్ధతి) వైపే వెళ్తాను. అక్కడ 389 పోర్టులో ఎన్‌క్రిప్షన్ లేకుండా వాడితే పాస్‌వర్డ్ బాహాటంగా పోతుంది కాబట్టి 636 వాడాలి, చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతా ఒకటి విడిగా పెట్టాలి. ఎల్‌డాప్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్ఎల్‌డాప్ డీఫాల్ట్‌గా ఒక్కో వెతుకులాటకు 500 ఎంట్రీల దగ్గర ఆపేస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. ఎక్స్‌ఎంఎల్‌తోనే ఉండేవాళ్లు ఆ లింకును వాయిస్ వీలాన్‌కే పరిమితం చేయండి. అందులో అందరి మొబైల్ నంబర్లూ ఉంటాయి, లింకు తెలిసినవాళ్లెవరైనా ఒక్క క్లిక్కుతో దించుకోగలరు.