తొమ్మిదేళ్ల విమ్: 400 లైన్ల నుంచి 23కి

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌కు సెట్టింగులు రాసుకునే నా విమ్‌ఆర్‌సీ ఫైలు ఒకప్పుడు 400 లైన్లు దాటింది. ఇప్పుడు 23. తొమ్మిదేళ్లుగా రోజూ విమ్‌లోనే కోడ్ రాస్తున్నాను. తీసేసిన ఆ లైన్లలో మళ్లీ పెట్టుకుందామనిపించింది ఒక్కటీ లేదు.

కొత్తవాళ్లను ముందుగా కర్సర్‌ను కదిపే హెచ్, జె, కె, ఎల్ కీలతో భయపెడతారు. బాణం కీలు ముట్టుకుంటే పాపం అన్నట్టు మాట్లాడతారు. 1976లో బిల్ జాయ్ విమ్‌కు ముందుతరం ఎడిటర్ వీఐని రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ అక్షరాల మీదే ఉండేవి. అంతకు మించి మహిమేమీ లేదు. టైపింగ్ ఆపి కమాండ్లకు రావడానికి నొక్కే ఎస్కేప్ కీ అందులో ఇప్పటి ట్యాబ్ ఉన్న చోట ఉండేది. ఇప్పుడది మూలకు పోయింది కాబట్టి మొదటి రోజే క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకోండి. మార్చే వీలు లేని మెషీన్‌లో కంట్రోల్ పట్టుకుని ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కినా అదే పని జరుగుతుంది.

విమ్ నన్ను కట్టిపడేసింది ‘సి-ఐ-డబ్ల్యు’ దగ్గర. సి అంటే మార్చు, ఐ అంటే లోపలిది, డబ్ల్యు అంటే పదం. కర్సర్ పదం మధ్యలో ఎక్కడున్నా సరే, మొత్తం పదం పోయి టైప్ చేయడానికి సిద్ధంగా ఉంటుంది. డబ్ల్యు బదులు కోట్ గుర్తు కొడితే కోట్స్ లోపలిదంతా మారుతుంది. కోట్స్ అదే లైన్‌లో ముందెక్కడో ఉన్నా అదే వెతుక్కుంటుంది. బ్రాకెట్ల విషయంలో మాత్రం పాత వెర్షన్లలో కర్సర్ లోపల ఉండాల్సిందే. ఈ తేడా అప్పట్లో నాకు చిరాకే.

దీనికి చుక్క కీ తోడైతే ఇక చూడండి. చివరి మార్పును మళ్లీ చేయడమే దాని పని. ఒక పదం మీద స్టార్ నొక్కితే ఆ పదం ఎక్కడెక్కడ ఉందో వెతుకుతుంది. ఆపై దొరికిన చోటును మార్చే ‘సి-జి-ఎన్’ కొట్టి, కొత్త పేరు రాసి ఎస్కేప్ నొక్కుతాను. ఆ తర్వాత ఒక్కో చుక్కకు ఒక్కో చోట పేరు మారుతూ పోతుంది. వద్దనుకున్న చోట ఎన్ నొక్కి దాటేస్తాను. ఇది తెలిసిన రోజే ఒకేసారి అనేక కర్సర్లు పెట్టే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్) తీసేశాను.

చాలామందికి తెలియనిది సున్నా రిజిస్టర్. కాపీ చేసినవాటిని, డిలీట్ చేసినవాటిని విమ్ దాచే అరలే రిజిస్టర్లు. ఒకటి కాపీ చేసి, ఇంకొకటి డిలీట్ చేసి, పేస్ట్ చేస్తే డిలీట్ చేసిందే వచ్చి పడుతుంది. నేను దాదాపు ఏడాది పాటు దీన్ని తిట్టుకున్నాను. కాపీ చేసింది సున్నాలో భద్రంగానే ఉంటుందట! డబుల్ కోట్, సున్నా, పి కొడితే చాలు.

కాన్ఫిగరేషన్‌లో నేను వదులుకోనిది అన్‌డూఫైల్. ఫైలు మూసేసి మర్నాడు తెరిచినా నిన్నటి మార్పులు వెనక్కి తీసుకోవచ్చు. ఆ మార్పుల రికార్డులన్నీ ఒకేచోట ఉండాలంటే అన్‌డూడిర్ అనే సెట్టింగులో ఒక ఫోల్డర్ చూపించాలి. ఆ ఫోల్డర్‌ను విమ్ తనంతట తాను సృష్టించదు, లేదని కూడా చెప్పదు. నెల రోజులు ఇది పనిచేస్తోందనుకుని నిశ్చింతగా ఉన్నాను. అవసరం పడ్డ రోజున చూస్తే ఫోల్డరే లేదు.

వెతికేటప్పుడు పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా చూడనిది ఇగ్నోర్‌కేస్, పెద్దక్షరం కొడితే మాత్రం చూసేది స్మార్ట్‌కేస్. ఇవి రెండూ కలిపే పెట్టాలి, రెండోది ఒంటరిగా పనిచేయదు. కర్సర్ ఉన్న లైను నుంచి మిగతా లైన్లు ఎంత దూరమో చూపే రిలేటివ్‌నంబర్ కొందరికి కళ్లు తిప్పుతుంది కానీ, ఏడు లైన్లు కిందికి వెళ్లాలంటే లెక్కపెట్టే బాధ ఉండదు. షార్ట్‌కట్‌లు రాసేటప్పుడు మాత్రం ఎన్‌మ్యాప్ కాదు, ఎన్‌నోరీమ్యాప్ వాడండి. షార్ట్‌కట్‌లోని కీలకు వేరే షార్ట్‌కట్‌లుంటే మొదటిది వాటినీ నడుపుతుంది, రెండోది నడపదు. కోలన్‌ను, సెమీకోలన్‌ను తారుమారు చేద్దామని నేను మొదటిది వాడాను. అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటూ కూర్చున్నాయి. సేవ్ చేసి మూసే కమాండ్లు కోలన్‌తోనే మొదలవుతాయి, అది పనిచేయకపోతే బయటికి రావడమెలా? షిఫ్ట్ పట్టుకుని జెడ్ రెండుసార్లు నొక్కితే సేవ్ చేసి మూస్తుందని ఆ రోజే నేర్చుకున్నాను.

మిగతా 370 పైచిలుకు లైన్లు ప్లగిన్‌లవీ, వాటి అలంకరణవీ. ఒక రిలీజ్ రోజు పొద్దున్నే అప్‌డేట్ చేశాను, ఎడిటర్ తెరవగానే స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఆ టెన్షన్‌లో ఫైలు మొత్తం పక్కన పెట్టి ఖాళీ విమ్‌తో పని కానిచ్చాను. సాయంత్రానికి నాకు లోటనిపించినవి పదో పన్నెండో లైన్లే.

2014లో విమ్ నుంచి విడిపోయిన నియోవిమ్ ఎడిటర్‌ను కూడా కొన్నాళ్లు వాడాను. కోడ్‌ను అర్థం చేసుకునే ఎల్‌ఎస్‌పీ అందులో లోపలే ఉంది, పెద్ద ప్రాజెక్టులకు అదే మేలు. నేను విమ్‌కే తిరిగొచ్చానంటే కారణం దాదాపు ఏ సర్వర్‌లోకి లాగిన్ అయినా ఇదో, దీని అన్న వీఐనో ఉంటుందనే. 2023లో విమ్ సృష్టికర్త బ్రామ్ మూలెనార్ పోయినప్పుడు ఇక దీని పని అయిపోయిందేమోనని దిగులుపడ్డాను. అలా ఏమీ కాలేదు, 2024 జనవరిలో 9.1 వెర్షన్ ఆయనకు అంకితంగా వచ్చింది.

విసిగించేవీ ఉన్నాయి. తెలుగులో కామెంట్ రాసి ఎస్కేప్ నొక్కాక కీబోర్డును ఇంగ్లిష్‌కు మార్చడం మర్చిపోతే ఏ కమాండూ వినదు. ఒకే లైన్‌లో వేల అక్షరాలున్న ఫైళ్లు తెరిస్తే రంగులు వేయడానికే ఆయాసపడుతుంది. లైన్‌లో ఎన్నో నిలువు వరస దాకా రంగులు వేయాలో చెప్పే సిన్‌మ్యాక్స్‌కాల్‌ను 200కు తగ్గించాక నాకు ఆ బాధ చాలావరకు పోయింది. అది నా ఫైల్లో 23వ లైను.