మూత్రంలో ట్రమడాల్‌ను పట్టే నానో కిట్: నెల రోజులు వాడాక

విశాఖ మహారాణిపేటలో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు కూతవేటు దూరంలో ఉన్న మా చిన్న ల్యాబ్‌లో ఇన్నాళ్లూ డీఅడిక్షన్ శాంపిళ్లను మామూలు ఓపియేట్ (నల్లమందు జాతి మందుల) స్ట్రిప్‌లతోనే పరీక్షించేవాళ్లం. ఆ స్ట్రిప్‌లోని యాంటీబాడీ మార్ఫిన్‌ను, కోడీన్‌ను గుర్తిస్తుంది గానీ ట్రమడాల్ అనే నొప్పి మందును పట్టించుకోదు. 2018లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం పరిధిలోకి వచ్చిన ఆ మందు గురించే డాక్టర్లు పదేపదే అడుగుతుండటంతో ఈ కిట్ తెప్పించాము.

ఇందులోని ద్రవంలో పది నానోమీటర్లకు మించని కార్బన్ డాట్స్, అంటే వెలుగునిచ్చే అతి చిన్న కార్బన్ రేణువులు, ఉంటాయి. వాటిపై ఉన్న పాలిమర్ పొరలో ట్రమడాల్ అణువు ఆకారానికి అచ్చుగా సరిపోయే గుంటలను తయారీలోనే వదిలారు. 365 నానోమీటర్ల దీపం కింద నీలంగా మెరిసే ఈ ద్రవం, ఆ గుంటల్లో మందు చేరిన కొద్దీ మసకబారుతుంది; ఎంత తగ్గిందో చేతి రీడర్ అంకెల్లో చూపిస్తుంది. ట్రమడాల్ కృత్రిమంగా తయారయ్యే మందు కనుక, గసగసాలు వేసిన కోడికూర తిన్నవారికి స్ట్రిప్‌లో మార్ఫిన్ పాజిటివ్ వచ్చే బెడద దీనికి లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గొట్టానికి విశాఖ ఉక్కలో క్షణాల్లో చెమ్మ పడుతుంది, తుడవకుండా పెడితే మాత్రం అంకె తప్పుతుంది.

అసలు చిక్కు మూడో వారంలో ఎదురైంది. ఒక కుర్రవాడి శాంపిల్‌ను రీడర్ పాజిటివ్ అంది. అనుమానం వచ్చి దీపం కింద చూస్తే గొట్టంలో నీలం మసకబారడమే కాక, ఆకుపచ్చ ఛాయ కూడా కనిపించింది. అతను బీ కాంప్లెక్స్ మాత్రలు వాడుతున్నాడని విచారిస్తే తెలిసింది. వాటిలోని రైబోఫ్లేవిన్ నీలి కాంతిని తానే మింగి, పచ్చగా వెలుగుతుంది. ఆ విటమిన్ ప్రభావం తగ్గించాలని శాంపిల్‌ను పలుచన చేస్తే మందు కూడా పలుచనవుతుంది కనుక ఆ దారి పూర్తిగా నమ్మదగినది కాదు. బయటి ల్యాబ్‌లో ఎల్‌సీ-ఎంఎస్ పరీక్ష (పదార్థాలను విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తించే పద్ధతి) చేయిస్తే ట్రమడాల్ లేదని తేలింది. ఇంత ముఖ్యమైన సంగతి గురించి కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం క్షమించరానిది.

అయినా రెండో పెట్టె ఆర్డర్ పెట్టాము, తొలి వడపోతకు మాత్రమే. కుర్రవాడి సంగతి తర్వాత మా రిక్వెస్ట్ ఫారంలో 'విటమిన్ మాత్రలు వాడుతున్నారా' అనే గడి చేరింది. కిట్ ద్రవం కలపకుండా శాంపిల్ ఒక్కటే ఉన్న గొట్టాన్ని కూడా దీపం కింద పక్కన పెట్టి చూస్తున్నాము.