వైర్‌లెస్ అలారం కిట్ కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

మెయిన్ యూనిట్, రెండు మూడు డోర్ సెన్సార్లు, ఒక మోషన్ సెన్సార్, రెండు రిమోట్లు, ఒక సైరన్. ఇవన్నీ కలిపి ఆరేడు వేల లోపు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న "మీరే బిగించుకోండి" కిట్ల గురించి ఈ హెచ్చరిక. బిగించిన రోజు అన్నీ పనిచేస్తాయి. తలుపు తీయగానే సైరన్ మోగుతుంది, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. జనం అదే రోజు ఐదు స్టార్లు ఇచ్చేస్తున్నారు. తర్వాత ఎప్పుడో ఒక సెన్సార్ పడుకుంటుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ ఊరెళ్లి ఇల్లు తాళం వేసి ఉన్నప్పుడు కూడా యూనిట్ మీద "ఆర్మ్‌డ్" (కాపలాలో ఉన్నాను) అనే కనిపిస్తుంది.

చవక కిట్లలో చాలావాటి సెన్సార్లు 433 మెగాహెర్ట్జ్ మీద ఒకవైపే మాట్లాడతాయి. తలుపు తెరుచుకుంటే సెన్సార్ ఒక కోడ్ పంపుతుంది. అంతే, "ఉన్నావా?" అని యూనిట్ దాన్ని ఎప్పుడూ అడగదు. బ్యాటరీ అయిపోయినా, ఎవరో పీకేసినా, మధ్యలో ఇనప బీరువా అడ్డొచ్చి సిగ్నల్ అందకపోయినా యూనిట్‌కు అంతా ఒకటే. పైగా వీటిలో రిమోట్ ప్రతిసారీ అదే కోడ్ పంపుతుంది. అలాంటి కోడ్‌ను పట్టి దాచుకునే డూప్లికేట్ రిమోట్లు బజారులో సులువుగా దొరుకుతున్నాయి. కాబట్టి కొనేముందు అమ్మేవారిని మూడు అడగండి: సెన్సార్లు రెండువైపులా మాట్లాడతాయా, సెన్సార్ కనపడకపోతే యూనిట్ చెబుతుందా, రిమోట్‌ది రోలింగ్ కోడా, అంటే నొక్కిన ప్రతిసారీ మారే కోడా? సూటిగా సమాధానం రాకపోతే వదిలేయండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఒక సెన్సార్ బ్యాటరీ తీసేసి ఒక రోజంతా అలాగే ఉంచి చూడండి. ఇరవై నాలుగు గంటల్లో యాప్ నోరు విప్పకపోతే ఆ కిట్ వెనక్కి పంపేయడమే మంచిది.

మన ఊళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఎండ. మోషన్ సెన్సార్ చూసేది మనిషిని కాదు, మనిషి ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ ఉన్న తేడాను. మే నెలలో విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో పై అంతస్తు గదిని నాలుగు రోజులు మూసి ఉంచితే, స్లాబు కింద వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తుంది. తేడా లేకపోతే సెన్సార్‌కు మనిషి దాదాపు కనిపించడు. ఇళ్లకు తాళాలు పడేది కూడా ఆ సెలవుల్లోనే. అందుకే రాత్రిపూట ఏసీ గదిలో చేసిన పరీక్షను నమ్మకండి. మధ్యాహ్నం మూడు గంటలకు, ఫ్యాన్, ఏసీ ఆపి, రెండు గంటలు తలుపులు మూసి ఉంచిన గదిలో నడిచి చూడండి. ఒకసారి మోగాక బ్యాటరీ పొదుపు కోసం చాలా సెన్సార్లు ఒకటి నుంచి మూడు నిమిషాలు నిద్రపోతాయి. రెండోసారి నడిచేముందు గది బయట ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే మంచి సెన్సార్‌ను కూడా చెడ్డదనుకుంటారు. పొద్దున ఆరింటికి పట్టుకుని మధ్యాహ్నం వదిలేస్తుంటే టెంపరేచర్ కాంపెన్సేషన్, అంటే గది వేడిని బట్టి తనే సర్దుకునే గుణం, ఉన్న సెన్సార్ కావాలి.

బిగించే చోటు కూడా ముఖ్యం. ఏడడుగుల ఎత్తులో, గది మూలన, వచ్చేవాడు సెన్సార్‌కు ఎదురుగా కాకుండా అడ్డంగా దాటేలా పెట్టాలి. పడమటి కిటికీ వైపు, ఏసీ గాలి వైపు తిప్పకూడదు. ట్యూబ్‌లైట్ పక్కన అసలే వద్దు. పురుగుల కోసం బల్లులు వచ్చి లెన్స్ మీద పాకుతాయి, అర్ధరాత్రి సైరన్ మోగుతుంది, విసుగొచ్చి మనమే ఆపేస్తాం.

డోర్ సెన్సార్‌లో రెండు ముక్కలుంటాయి, ఒకటి సెన్సార్, రెండోది అయస్కాంతం. టేకు తలుపు మీద అది బాగానే పనిచేస్తుంది. వరండా ఇనప గ్రిల్ మీద, షాపు షట్టర్ మీద మాత్రం దాన్ని నేరుగా అంటించకండి. ఇనుము అయస్కాంతం బలాన్నీ రేడియో సిగ్నల్‌నూ రెంటినీ తగ్గిస్తుంది. అక్కడ షట్టర్లకని విడిగా అమ్మే పెద్ద అయస్కాంతం సెన్సారే వాడాలి. చెక్క తలుపుకైతే మూసినప్పుడు రెండు ముక్కల మధ్య ఐదు మిల్లీమీటర్ల సందు చాలు. వానాకాలంలో చెక్క ఉబ్బితే ఆ సందు మారుతుంది, జూలైలో మళ్లీ చూసుకోండి. కిట్‌తో వచ్చే రెండువైపుల టేపు ఎండకు జారిపోతుంది. రెండు మిల్లీమీటర్ల డ్రిల్‌తో ముందు రంధ్రం వేసి స్క్రూలు బిగించండి. అయితే అది పరీక్షలన్నీ అయ్యాకే. అప్పటిదాకా పేపర్ టేపుతో నిలబెట్టండి, ఎందుకంటే స్క్రూ గుర్తులు పడ్డ సరుకును వెనక్కి తీసుకోబోమని అమ్మినవారు పేచీ పెడతారు.

కరెంటు పరీక్షను చాలామంది తప్పుగా చేస్తున్నారు. యూనిట్ ప్లగ్ పీకి, అది బ్యాటరీ మీద నడుస్తోందని సంతోషపడతారు. నిజంగా కరెంటు పోతే ఫైబర్ బాక్సు, రౌటర్ కూడా ఆగిపోతాయి. యూనిట్ బతికే ఉంటుంది గానీ మీకు కబురు చేరదు. మన ఇళ్లలో మీటరు బోర్డు చాలాచోట్ల బయట, గేటు పక్కనే ఉంటుంది. మెయిన్ దించడానికి దొంగకు క్షణం చాలు. కాబట్టి మెయిన్ స్విచ్ ఆపి గంటసేపు ఉంచండి, ఫోన్‌ను ఇంటి వైఫైలో కాకుండా మొబైల్ డేటాలో పెట్టి తలుపు తీసి చూడండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కు మినీ యూపీఎస్ (కరెంటు పోయినా దాన్ని నడిపే చిన్న బ్యాటరీ బాక్సు) పెట్టాలి. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిపోయేదే కొనండి.

సిమ్ ఉన్న కిట్ మేలే, అది 4జీ అయితేనే. బాక్సు మీద "జీఎస్‌ఎం" అని మాత్రమే ఉంటే అది చాలావరకు 2జీ యూనిట్. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి దాంట్లో జియో సిమ్ పనిచేయదు. ఏ సిమ్ వేసినా ముందు ఫోన్‌లో పెట్టి పిన్ లాక్ తీసేయండి. రీఛార్జ్ ముగిసే తేదీని యూనిట్ మీదే రాసి అంటించండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే కిట్ల విషయంలో ఇంకా జాగ్రత్త. అక్కడి పరికరాల్లో చాలావాటికి 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వాడతారు. ఇక్కడ అందులో కొంత భాగం మొబైల్ కంపెనీలది. ఆ చుట్టుపక్కల మనకు లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అక్కడి సిమ్, మానిటరింగ్ సర్వీసు కూడా ఇక్కడికి రావు. ఉచితంగా వచ్చినా దాని మీద ఇల్లు వదిలి వెళ్లకండి.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బిల్లు, అట్టపెట్టె దాచండి. పరీక్షలన్నీ మొదటి నాలుగు రోజుల్లోనే పూర్తి చేసి, లోపం కనబడితే అమ్మినవారికి ఫోన్ చేయడంతో సరిపెట్టకుండా యాప్‌లోనే ఫిర్యాదు రాయండి. తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన ధర 5 లక్షల దాకా అయితే ఫిర్యాదుకు ఫీజు ఉండదు.