ఆరేళ్ళుగా పిట్టలకి మేత: మా దొడ్లో ఏది నిలిచింది, ఏది అటకెక్కింది

ముందే తేల్చి చెప్పేస్తాను. ఈ ఆరేళ్ళలో నేను డబ్బులు పోసి కొన్న వాటిలో సగం ఇవాళ అటక మీద ఉన్నాయి. రోజూ పనిలో ఉన్నవి రెండే, ముప్పై రూపాయల మట్టి మూకుడు ఒకటి, మా అత్తయ్య చేత్తో కట్టే వరి కుచ్చులు ఒకటి. బైనాక్యులర్ మూడోది అనుకోండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

మాది కావలి. ఇంటి వెనక నలభై అంకణాల దొడ్డి. ఒక వేపచెట్టు, జామ, మునగ, కరివేపాకు, గోడ పక్కన మందార, బోరు దగ్గర అరటి. మొదలైంది 2019 మే నెలలో, రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. బట్టలుతికే బండ దగ్గర కొళాయి చుక్క చుక్క కారుతుంటే ఒక గోరింక దాని కింద నోరు తెరుచుకుని కాచుకుని ఉంది. చుక్క పడటం, అది అందుకోవడం, మళ్ళీ నోరు తెరవడం. నేను అట్టాగే నిలబడి చూస్తుంటే లోపల పొయ్యి మీద అన్నం మాడింది. ఆ రాత్రి ఫోన్లో మా అబ్బాయికి ఈ ముచ్చట చెప్పాను. వాడు చెన్నైలో ఉంటాడు, నాలుగో రోజుకి పార్సిల్ పంపించాడు. నేను చెప్పింది దాహం సంగతి, వాడు పంపింది మేత గొట్టం. ఆ తేడా నాకు అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది.

గొట్టం అంటే అడుగున్నర పొడుగు ప్లాస్టిక్‌ది, లోపల గింజలు కనపడేట్టు ఉంటుంది, చుట్టూ నాలుగు బొక్కలు, ఒక్కో బొక్క దగ్గర వేలెడంత పుల్ల. దానికి తోడు కిలో కలగలుపు గింజలు. మూడు వారాల పాటు ఒక్క పిట్ట కూడా తొంగి చూడలేదు. తప్పు నాదే, ఇక్కడ రావట్లేదు అక్కడ వస్తాయేమో అని రెండు రోజులకోసారి దాన్ని వేపచెట్టు నుంచి మునగకి, మునగ నుంచి మిద్దె మెట్లకి మార్చేదాన్ని. కొత్త వస్తువుని నమ్మడానికి వాటికి టైం పడుతుంది, ఒకచోట కట్టి మర్చిపోవాలి. తీరా వచ్చాక వచ్చింది ఎవరు? పావురాలు. ఆ చిన్న పుల్ల మీద అవి నిలవలేవు, రెక్కలు కొట్టుకుంటూ గొట్టాన్ని ఊపి ఊపి గింజలన్నీ కింద పోసి, కింద కూర్చుని తీరిగ్గా తినేవి. ఉడతలు బొక్కల్ని కొరికి పెద్దవి చేశాయి. ఇక కార్తీకం వానలొచ్చాయంటే అడుగున ఉన్న గింజలు తడిసి, బూజు పట్టి, ముక్కు మూసుకోవాల్సిన వాసన. బూజు గింజలు తింటే పిట్టలు చస్తాయి కూడా, అందుకని వారానికోసారి ఊడదీసి, వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి మళ్ళీ నింపాలి. ఆ బొక్కల మూలల్లోకి చెయ్యి దూరదు, పాత టూత్ బ్రష్షే గతి. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే కదా, ఆ మూడు నెలలు ఈ గొట్టం శుద్ధ దండగ. చివరికి 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను గాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడింది. వాళ్ళు తెచ్చిచ్చారు, నేను అటక మీదకి ఎక్కించాను.

మధ్యలో ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. పాత స్టీలు పళ్ళెంలో నూకలు, సజ్జలు పోసి నేల మీద పెట్టాను. పిట్టలు బాగానే వచ్చాయి, రాత్రిపూట ఎలుకలు కూడా వచ్చాయి. బండ కింద కన్నాలు పెట్టాయి. ఆ ఎలుకల కోసం ఒకరోజు పొద్దున్నే జెర్రిపోతు వచ్చింది. మా ఆయన వాకిట్లో నిలబడి, "ఏమే, నువ్వు పిట్టలకి పెడతన్నావా, పాములకి పెడతన్నావా?" అన్నాడు. ఆ రోజుతో నేల మీద మేత బంద్. పెట్టాలనుకుంటే పొద్దున ఎంత తింటాయో అంతే పెట్టి, చీకటి పడకముందే మిగిలింది ఎత్తేయండి. మిక్చరు, చిప్స్, ఉప్పు వేసిన అన్నం లాంటివి అసలు వద్దు.

ఇక కుచ్చుల సంగతి. మొదటి రోజు గొట్టాన్ని చూసి అత్తయ్య అన్న మాట ఇంకా గుర్తుంది. "ఏందమ్మాయ్, పిట్టలకి బుడ్డీలో పెడితే అవెట్టా తింటాయి? ముందు కంకులు తెప్పించు." నేను పట్టించుకోలేదు. ఆ మరుసటి ఏడాది శివరాత్రి దాటాక ఆవిడ పుట్టింటి వాళ్ళ కోతలప్పుడు రెండు కట్టలు తెప్పించుకుంది. వేరే జిల్లాల వాళ్ళు సంక్రాంతికి కుచ్చులు కడతారని చెప్తారు, మనకి పెద్ద పంట కోతకొచ్చేది మార్చి, ఏప్రిల్‌లలో కాబట్టి మా ఇంట్లో ఉగాదికి కడతారు. మిషన్‌తో కోసిన వరి పనికిరాదు, గడ్డి నలిగిపోయి గింజ రాలిపోతుంది. కొడవలితో కోసి, మూరెడు కాడ ఉంచి తేవాలి. రాత్రి ఆ కాడల్ని తడిగుడ్డలో చుట్టి పెడితే పొద్దునకి మెత్తబడి విరగకుండా అల్లిక పడతాయి. నాలుగేసి కాడలు కలిపి జడ వేసినట్టు అల్లుకుంటూ, ప్రతి మెలికకీ రెండు కొత్త కంకులు దూర్చి, చివర్న అంతా గుండ్రంగా తిప్పి దారంతో బిగిస్తుంది అత్తయ్య. గింజలన్నీ కిందకి వేలాడతాయి. నేను కట్టింది రెండో రోజుకే ఊడిపోయింది, ఆవిడ కట్టింది ఖాళీ అయ్యేదాకా ఊడదు.

దీని గొప్పేమిటంటే, పావురానికి వేలాడటం చేతకాదు, పిచ్చుకకి చేతనవును. కంకిని కాలితో పట్టుకుని తలకిందులుగా ఊగుతూ, ఒక గింజ లాగి, ముక్కు మధ్య అటూ ఇటూ దొర్లించి, పొట్టు ఊదినట్టు వదిలేసి బియ్యపు గింజ మింగుతుంది. దగ్గర కూర్చుంటే చిటచిటమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. కింద రాలిన గింజల్ని గువ్వలు ఏరుకుంటాయి కాబట్టి ఎలుకలకి పెద్దగా మిగిలేది ఉండదు. వానకి కుచ్చు తడిసినా గాలికి ఆరిపోతుంది, గొట్టంలో లాగా కుళ్ళదు. లోటు ఒక్కటే, రామచిలకలు. జతగా వస్తాయి, తినేది పావు వంతు, పీకి పారేసేది ముప్పావు వంతు, అరగంటలో కుచ్చు బోడి. అందుకని వసారా చూరుకి లోపలగా కడుతున్నాం, అక్కడికి పిచ్చుకలు ధైర్యంగా వస్తాయి, చిలకలు రావు. మిగతా కంకుల్ని ట్రంకు పెట్టెలో ఎండు వేపాకు వేసి దాస్తే దీపావళి దాకా వస్తాయి. కోతల రోజుల్లో తెచ్చుకోకపోతే మాత్రం ఏడాదంతా ఎక్కడా దొరకవు.

నీళ్ళకి వస్తాను. నాకు నోటు పుస్తకంలో రాసుకునే అలవాటుంది. ఆరేళ్ళలో మా ఇంట్లో గింజలకి వచ్చిన రకాలు ఏడు. పిచ్చుక, జీనువాయి (మునియా అంటారే, ఆ చిన్న పిట్ట), రెండు రకాల గువ్వలు, పావురం, చిలక, ఇక కాకి ఎటూ దేన్నైనా తింటుంది. నీళ్ళకి వచ్చినవి పందొమ్మిది! పికిలిపిట్ట, గోరింక, నల్లంచి, తేనెపిట్ట, కోయిల, జెముడుకాకి, ఆఖరికి డేగ కూడా. వీటిలో చాలా వాటికి గింజలతో పనేలేదు, పురుగులో పళ్ళో తింటాయి. మీరు ఎన్ని కిలోల సజ్జలు పోసినా అవి రావు. నాకు పొద్దున లేచి రకరకాల పిట్టల్ని చూడాలని ఆశ, దానికి మేత మీద కంటే నీళ్ళ మీద శ్రద్ధ పెట్టి ఉండాల్సింది.

మూకుడు వెడల్పుగా, రెండంగుళాల లోతుకి మించకుండా ఉండాలి. మధ్యలో ఒక గరుకు రాయి వేయండి, చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. ప్లాస్టిక్ టబ్బు, స్టీలు గిన్నె ఎండకి కాగిపోతాయి, మట్టిది చల్లగా ఉంటుంది. రోజూ పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది, కొత్త నీళ్ళు పోయాలి, సబ్బు వద్దు. బద్ధకించి వారం వదిలేశారంటే పిట్టల కంటే ముందు దోమల్ని పెంచినట్టే. చోటు విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. నీడగా ఉంటుందని మందార పొద కిందే పెట్టాను. ఆ పొదలో పిల్లి పొంచి ఉండి ఒక నల్లంచిని నోట కరుచుకుపోయింది. రోజూ తెల్లారుజామున గోడ మీద కూర్చుని ఈల వేసే పిట్ట అది. ఇప్పుడు పొదకి ఎనిమిది అడుగుల దూరంలో, నడుమెత్తు స్తంభం మీద పెట్టాను, పైన వేపకొమ్మ నీడ పడుతుంది.

నీళ్ళు తాగే తీరు చూస్తే పొద్దు తెలియదు. గోరింక ఒక గుక్క తీసుకుని తల పైకెత్తి మింగుతుంది, మళ్ళీ వంగుతుంది. గువ్వ అట్టా కాదు, ముక్కు ముంచిందంటే మనం కొబ్బరిబొండం తాగినట్టు పీల్చడమే, తల ఎత్తదు. పికిలిపిట్టలు తాగడం అయ్యాక స్నానానికి దిగి సగం నీళ్ళు బయట పోస్తాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి అంతా గప్‌చుప్ అయిపోతుంది. పిచ్చుకలు కరివేపాకులోకి దూరిపోతాయి, ఉడత మాత్రం కొమ్మకి అతుక్కుపోయి గోల చేస్తుంది. అప్పుడు వేపచెట్టు పైకి చూడండి, డేగ ఉంటుంది. మొదట్లో రాయి తీసుకుని తరిమేదాన్ని. ఇప్పుడు తరమను, దానికీ ఆకలుంటుంది కదా.

బైనాక్యులర్ విషయంలో ఒకసారి మోసపోయాను. తొమ్మిది వందలకి ఎర్రటి అద్దాలది తీసుకున్నా, బయట ఇరవై రెట్లు అని రాసి ఉంది, లోపల చూస్తే పిట్ట లేదు, ఊగే ఎర్రటి మసక ఉంది. చేత్తో పట్టుకుని చూసేవాళ్ళకి ఎక్కువ రెట్లు ఉన్నకొద్దీ ఊపే ఎక్కువవుతుంది. తర్వాత 2021లో ఏడు వేలు పెట్టి 8×42 కొన్నాను. అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందరి అద్దం 42 మిల్లీమీటర్లు, మబ్బు పట్టిన రోజు కూడా వెలుతురు చాలుతుంది. దొడ్లో చూసేవాళ్ళు కొనేముందు ఎంత దగ్గరి వస్తువు స్పష్టంగా కనిపిస్తుందో అడగండి, రెండు మూడు మీటర్ల లోపల ఉండాలి. మెడకి బరువే, గంట దాటితే నొప్పి. సముద్రం దగ్గరి ఊళ్ళు కాబట్టి అద్దాల్లో ఫంగస్ పడుతుంది, మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను.

కూత విని పేరు చెప్పే యాప్ కూడా వాడుతున్నా. బాగుంటుంది, కానీ చెప్పిందల్లా నమ్మొద్దు. పక్కింటి పిల్లకాయ గోడవతల నుంచి కూస్తే కోయిల అని చూపించింది, వాడి సంబరం చూడాలి. నేనూ తక్కువ తప్పులు చేయలేదు లెండి. మగ తేనెపిట్ట ఎండాకాలంలో నిగనిగలాడే ఊదా రంగులో ఉంటుంది, గుడ్ల కాలం అయిపోయాక ఆ రంగు పోయి, ఆడదాని లాగా పసుపు పచ్చగా మారి గొంతు కింద ఒక నల్ల చార మాత్రం మిగులుతుంది. రెండేళ్ళు దాన్ని వేరే రకంగా రాసుకున్నాను. చుక్కల చుక్కల ఆడ కోయిలని ఏదో డేగ అనుకున్నాను. ఇప్పుడు ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో నేనూ లెక్క పంపుతున్నా. పదిహేను నిమిషాలు కూర్చుని చూసినవి రాసి పంపితే చాలు, మన దేశం నుంచి 2013లో మొదలైంది.

జీనువాయి అనే పేరు నాకు ఏ యాప్ చెప్పలేదు, అత్తయ్య చెప్పింది. తర్వాత తెలిసింది, 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అనే డాక్టరు పిట్టల తెలుగు పేర్లు కూడా తన పుస్తకాల్లోకి ఎక్కించాడట. అరుదైన పిట్ట మన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. మన పిలకాయలకి ఇప్పుడు పిచ్చుక, కాకి తప్ప పేర్లు రావు, నాకు అదొక్కటే కడుపుమంట.

నేలపట్టు పక్షుల కేంద్రం గురించి చాలామంది అడుగుతారు. రెండుసార్లు వెళ్ళాం. 2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా నెల్లూరు నేలపట్టే. చెరువులో కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గుంపులు గుంపులుగా గూళ్ళు కట్టుకుని ఉంటాయి, చలికాలంలో వెళ్ళండి, బైనాక్యులర్ డబ్బులు అక్కడే వసూలవుతాయి. అయితే ఆ వేల పిట్టల్లో ఏ ఒక్కటీ మనకి తెలియదు. మా దొడ్లో కాలు కుంటే గోరింక ఒకటుంది, అది మూడేళ్ళుగా వస్తోంది.

చివరగా గూడు పెట్టె. పిచ్చుకల కోసం వడ్రంగి చేత చెక్కతో చేయించాను, బొక్క రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది. వసారాలో పదడుగుల ఎత్తున కొట్టించాను. ఏడాదిన్నర ఖాళీగా ఉంది, తర్వాత ఒక జంట దిగింది. పిల్లలు పుట్టాక అవి గింజలు కాదు, పురుగుల్ని తెచ్చి పెట్టడం చూసి, మందారకి పిండినల్లి మందు కొట్టడం మానేశాం, మొక్క కొంచెం చెడింది, చెడితే చెడింది. మూడుసార్లు పిల్లల్ని లేపాయి. మొన్న మాఘమాసంలో ఒక ఉడత బొక్కని కొరికి పెద్దది చేసుకుని, నా పాత చీర పీలికలు లోపల కుక్కి కాపురం పెట్టింది. నేను నిచ్చెన వేయబోతే అత్తయ్య, "ఉండనీ అమ్మాయ్, కడుపుతో ఉన్నట్టుంది" అంది. పిచ్చుకల జంట ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని చూస్తోంది. వడ్రంగికి ఇంకో పెట్టె చెప్పాను, ఈసారి బొక్క చుట్టూ రేకు కొట్టమని.