నాయిస్ క్యాన్సిలేషన్ ఇయర్‌బడ్స్: రెండేళ్లు వాడాక

బేస్, బ్యాటరీ సంగతులు అందరూ రాసేశారు. నేను చెప్పేది నాయిస్ క్యాన్సిలేషన్ ఒక్కదాని గురించే. కొన్న కొత్తలో కనబడ్డవాళ్లందరి దగ్గరా దాన్ని తెగ పొగిడాను. మాది కూకట్‌పల్లిలో రోడ్డు పక్క ఫ్లాటు, పని ఇంటి నుంచే. చెవిలో పెట్టుకోగానే ఫ్యాను, ఏసీ, బస్సుల రొదంతా మాయం. బయటి మోతను మైకుతో పట్టి, సరిగ్గా దానికి తలకిందులైన తరంగాన్ని చెవిలోకి వదులుతుంది. అందుకే ఒకే తీరున సాగే రొదను బాగా చంపుతుంది, మనిషి మాటను అంతగా కాదు. కానీ సన్నగా పాట పెట్టుకుంటే ఆ మాటా పోతుంది. అత్తయ్య వంటింట్లోంచి పిలిచి పిలిచి విసిగి, పిలవడమే మానేశారు. ఇప్పుడు పక్క గదిలోంచి మిస్డ్ కాల్ ఇస్తారు. "అన్నానికి రామ్మా" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్!

ఈమధ్య ఎడమ బడ్‌కి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే పార్ట్ రావాలని వారాల తరబడి తిప్పారు. ఈలోగా మీటింగులకని చవకలో టైప్-సి వైరు ఇయర్‌ఫోన్ కొన్నాను. ఓ సాయంత్రం అత్తయ్య వచ్చి పక్కన కూర్చుని ఒక కొస తన చెవిలో పెట్టేసుకున్నారు. ప్రవచనం పెట్టాను. "అసలు కథ వదిలేసి ఊరంతా తిప్పుతున్నాడేంటే ఈయన" అని ఆవిడ తిట్టడం, నేను నవ్వడం. వైరు పొట్టిది, ఇద్దరం కదలడానికి లేదు. మర్నాడు ఆవిడే వచ్చి పెట్టించుకున్నారు.

1979లో సోనీ తెచ్చిన మొదటి వాక్‌మన్‌కి, అంటే వెంట తీసుకెళ్లే చిన్న క్యాసెట్ ప్లేయర్‌కి, రెండు హెడ్‌ఫోన్ జాక్‌లుండేవి, వినే ఇద్దరూ మాట్లాడుకోవడానికి నారింజ రంగు బటన్ కూడా. పక్కన మనిషుండగా ఒక్కరే వినడం మర్యాద కాదని సోనీ స్థాపకుల్లో ఒకరైన అకియో మోరితాకి తోచిందట. జనం ఎవరిది వాళ్లు కొనుక్కున్నారు, తర్వాత ఆ బటన్ పోయింది.

నా ఇయర్‌బడ్స్ బాగై వచ్చాక ఒక బడ్ అత్తయ్యకిచ్చి చూశాను. కుక్కర్ చూడ్డానికి ఆవిడ తీసినప్పుడల్లా నా చెవిలోనూ ఆగిపోతుంది. చెవిలోంచి తీయగానే పాటను ఆపే ఆ సెన్సర్‌ని యాప్‌లో ఆపేయొచ్చు, కానీ ఆ రబ్బరు మూతి ఆవిడ చెవిలో నిలవదు.

హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. నాకూ ఆఫీసు కాల్స్ ఉన్నన్నాళ్లు తప్పదు. ఛార్జింగ్ ఇదివరకటిలో సగమే నిలుస్తోంది. ఇవి పూర్తిగా పోయాక మళ్లీ ఇలాంటివే కొంటానా అంటే, అప్పటికి అత్తయ్య మా దగ్గరుంటారా, మరిది దగ్గరుంటారా అన్నదాన్ని బట్టి.