ట్రాక్ కారుకు ఏది మేలు: గట్టి స్ప్రింగులా, లావు యాంటీ రోల్ బారా?

"మలుపులో కారు బాగా ఒరిగిపోతోంది. మొదట స్ప్రింగులు మార్చాలా, బార్ మార్చాలా?" ట్రాక్‌కి వెళ్లడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఇదే. ఈమధ్య నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్.

యాంటీ రోల్ బార్ అంటే ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ, కారు ఒరగడాన్ని అడ్డుకుంటుంది. దానికి ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. మందం కాస్త పెరిగినా బిగువు చాలా పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల బార్ తీసి అలాంటిదే 24ది వేస్తే సుమారు 40 శాతం గట్టిపడుతుంది. చివర్లో రెండు మూడు రంధ్రాలున్న రకమైతే సెషన్‌కీ సెషన్‌కీ మధ్యే, బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే లింక్‌ని ఒక రంధ్రం నుంచి ఇంకోదానికి మార్చి చూసుకోవచ్చు. ముందు, వెనక టైర్ల పట్టు మధ్య బ్యాలెన్స్ సరిదిద్దుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

కానీ ఒరగడం తగ్గినంత మాత్రాన బయటి టైర్ల మీద పడే బరువు తగ్గినట్టు కాదు. మొత్తంగా ఎంత బరువు అటు మారుతుందన్నది గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం మీద ఆధారపడుతుంది. అందులో ముందు టైర్లకెంత, వెనక టైర్లకెంత అన్న పంపకమే మన చేతిలో ఉంది. బార్ గానీ స్ప్రింగ్ గానీ మార్చేది దాన్నే.

నా వరకు అసలు తేల్చాల్సింది లోపలి చక్రం (మలుపు తిరిగే వైపుది) సంగతి. బార్ రెండు చక్రాలనూ ముడివేస్తుంది. ఒకటి కర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) ఎక్కితే రెండోదాన్నీ పైకి లాగాలని చూస్తుంది. నేను మొదట ముందువైపు లావు బార్ వేశాను. ఒరగడం తగ్గింది, చాలా సంతోషించాను. తీరా చూస్తే నెమ్మది మలుపుల్లోంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ తొక్కగానే లోపలి ముందు చక్రం ఉత్తినే తిరిగేది. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, కారు మాత్రం కదలదు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ఉన్న కారులో ఒక చక్రం పట్టు తప్పితే రెండోదానికీ బలం అందదు కాబట్టి ఇది పెద్ద నష్టం. పైగా నేరుగా బ్రేక్ వేసినప్పుడు రెండు చక్రాలూ కలిసే కదులుతాయి కాబట్టి బార్‌కి పనే ఉండదు, ముక్కు కిందికి దిగడం ఆగదు.

స్ప్రింగ్ అలా కాదు. బ్రేకింగ్‌లోనూ మలుపులోనూ పనిచేస్తుంది, ఏ చక్రం పని దానిదే. అయితే డ్యాంపర్ (స్ప్రింగ్ ఊగడాన్ని అదుపుచేసే షాక్ అబ్సార్బర్) కూడా దానికి తగ్గట్టు ఉండాలి. స్ప్రింగ్ 50 శాతం గట్టిపడితే డ్యాంపింగ్ సుమారు 22 శాతం పెరగాలి. పాత డ్యాంపర్‌తోనే నడిపిస్తే గతుకుల మీద టైరు నేలను వదిలి ఎగురుతుంది. ఖర్చంతా ఇక్కడే. అయినా నేను ఇదే ఎంచుకున్నాను. ముందువైపు పాత బార్ తిరిగి పెట్టి, నాలుగు వైపులా గట్టి స్ప్రింగులు, వాటికి సరిపడే డ్యాంపర్లు వేశాను. ఇప్పుడు అదే మలుపులో యాక్సిలరేటర్ ముందుగానే తొక్కగలుగుతున్నాను.

డ్యాంపర్లకు డబ్బు లేకపోతే స్ప్రింగుల జోలికి వెళ్లకండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే వెనక బార్ ఒక్కటే లావుది వేసుకోండి, ముందు టైర్లు పక్కకి జారిపోవడం తగ్గుతుంది. స్ట్రట్ బ్రేస్ (రెండు వైపుల సస్పెన్షన్ పైభాగాలను కలిపే కడ్డీ), పాలీ బుష్‌లు (రబ్బరు బుష్‌ల బదులు వేసే గట్టివి) తర్వాత చూసుకోవచ్చు.

ఏది కొనేముందైనా డ్యాంపర్ రాడ్‌కి ఒక జిప్ టై వదులుగా కాకుండా కట్టి, ఒక సెషన్ నడపండి. అది బంప్ స్టాప్ (డ్యాంపర్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే మెత్తటి ముక్క) ఉండే చోటు దాకా జరిగి ఉంటే, ముందు టైర్లు ఉన్నట్టుండి పట్టు వదలడానికి కారణం అక్కడే ఉండొచ్చు.